చెప్పేవాడికంటే ముందు వినేవాడికి నేర్పాలి

యాకోబు పత్రిక 5:16లో రెండో సగం చాలామంది విశ్వాసులకు కంఠతా వచ్చు. "నీతిమంతుని విజ్ఞాపన మనఃపూర్వకమైనదై బహు బలము గలదై యుండును." ప్రార్థన మీద ప్రసంగమంటే ఆ మాట రావాల్సిందే. ఆ వచనం మొదలయ్యేది మాత్రం ఇలా: "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థతపొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి." ఈ సగం మీద ప్రసంగం వినడం అరుదు. ఎవరైనా ఎత్తినా "అంటే ఒకరినొకరు క్షమించుకోవాలని" అని మెత్తగా పక్కకు తిప్పేసి ముందుకు పోతారు. అక్కడున్నది క్షమించుకోమని కాదు, ఒప్పుకోమని.

ప్రొటెస్టెంటు సంఘాల్లో దీనికి ఎదురొచ్చే వాదన ఒక్కటే. "దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే" అని 1 తిమోతి 2:5 చెబుతుంటే మధ్యలో ఇంకో మనిషెందుకు, దేవుడితో చెప్పుకుంటే చాలదా అని. చాలుతుంది. క్షమాపణ కోసమైతే నిస్సందేహంగా చాలుతుంది. అయితే జబ్బు చేసినప్పుడు మన కోసం ప్రార్థించమని పదిమందికి కబురు పెడతాం. ఆ పదిమందీ మధ్యవర్తులైపోయారని ఎవరూ అనరు. ఒంటి జబ్బుకు సాయం అడిగితే సహవాసం, మనసు జబ్బుకు అడిగితే మధ్యవర్తిత్వం అనడం ఎక్కడి న్యాయం?

వచనాన్ని జాగ్రత్తగా చదివితే ఇంకోటి కనిపిస్తుంది. 14, 15 వచనాల్లో సంఘపు పెద్దలు రోగి మీద ప్రార్థన చేస్తారు, అక్కడ పాపక్షమాపణ మాట ఉంది. 16లో, ఒకరితో ఒకరు ఒప్పుకోవడానికి జత చేసిన మాట స్వస్థత. క్షమాపణ పొందాక కూడా మనిషి బాగుపడకుండా ఉండిపోవచ్చు. దాచిన పాపం విషయంలో తరచూ జరిగేది ఇదే. రాత్రి దేవుడి దగ్గర ఏడుస్తాడు, తేలికపడతాడు, పది రోజులకు మళ్ళీ అదే గోతిలో పడతాడు. మళ్ళీ ఏడుస్తాడు. పాపం ఎక్కడా వెలుతురు చూడలేదు కాబట్టి దాని వేరు అలాగే ఉంది. ఇంకో మనిషి చెవిన పడ్డ రోజున ఆ పాపానికున్న పెద్ద బలం, అంటే దాని రహస్యం, పోతుంది.

ఇంతవరకూ ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు. నా అసలు గొడవ ఆ తర్వాతది. "ఒప్పుకోండి, ఒప్పుకోండి" అని చెప్పేవాళ్ళకు చెప్పడం నేర్పుతున్నాం గానీ, వినేవాళ్ళకు వినడం నేర్పడం లేదు. విన్న సంగతి కడుపులో దాచుకోవడం తెలియని సంఘంలో ఈ ఆచారాన్ని తిరిగి మొదలుపెట్టడం కంటే మొదలుపెట్టకపోవడమే మేలు.

చరిత్రంతా వినేవాడి చుట్టూనే తిరిగింది

తొలి శతాబ్దాల్లో పెద్ద పాపాలకు పశ్చాత్తాపం బహిరంగంగా ఉండేది. విగ్రహారాధన, వ్యభిచారం, నరహత్య వంటివి చేసినవాడు సంఘం ముందు పశ్చాత్తప్తుల వరుసలో నిలబడాలి, నెలలూ ఏళ్ళూ ప్రభువు బల్లకు దూరంగా ఉండాలి. మూడో శతాబ్దం మొదట్లో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ రాసినదాన్ని బట్టి, బాప్తిస్మం తర్వాత ఈ అవకాశం జీవితంలో ఒక్కసారే. ఫలితం ఊహించదగ్గదే. జనం దాన్ని చావు పడక దాకా వాయిదా వేసుకున్నారు.

నాలుగో శతాబ్దం చివర కాన్‌స్టాంటినోపుల్‌లో పశ్చాత్తప్తుల మాటలు వినడానికి ప్రత్యేకంగా ఒక గురువును (ప్రీస్టును) నియమించి ఉండేవారు. ఒక గొప్పింటి స్త్రీ చేసిన ఒప్పుకోలులోంచి ఒక డీకను (సంఘ పరిచారకుడి) తప్పు బయటికి పొక్కి ఊరంతా గగ్గోలైంది. బిషప్ నెక్టారియస్ ఆ పదవినే ఎత్తేశాడు. క్రీ.శ. 459లో రోమ్ పోపు మొదటి లియో ఇటలీలోని కొందరు బిషప్పులకు గట్టిగా ఉత్తరం రాశాడు. పశ్చాత్తప్తుల పాపాల చిట్టాను కాగితం మీద రాయించి అందరి ముందూ చదివించడం ఇక ఆపండి, గురువుతో రహస్యంగా చెప్పుకుంటే చాలు అని. ఆయన చెప్పిన కారణం గమనించండి: సిగ్గు వల్లా, తమ పనులు శత్రువులకు తెలిసి చట్టం కింద ఇరుక్కుంటామన్న భయం వల్లా జనం పశ్చాత్తాపానికే దూరమవుతారని. అంటే ఆయన వైద్యం చేసింది చెప్పేవాడి మొండితనానికి కాదు, వినేవాళ్ళ సంఖ్యకు.

ఆరో శతాబ్దం నుంచి ఐర్లండు మఠాల సన్యాసులు ఏకాంతంగా, ఎన్నిసార్లయినా చేసుకోదగ్గ ఒప్పుకోలును యూరప్ అంతటా పరిచయం చేశారు. ఏ పాపానికి ఎన్ని రోజుల ఉపవాసమో పట్టికలు వేసిన చేతిపుస్తకాలు వాళ్ళవి. 1215లో కథోలిక సంఘపు నాలుగో లాటెరన్ మహాసభ 21వ నియమం, వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా తన గురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలని, అంటే పాపాలు ఒప్పుకోవాలని కట్టడి చేసింది. ఈ మాట అందరికీ తెలుసు. అదే నియమంలో రెండో భాగం ఉంది: విన్నదాన్ని బయటపెట్టిన గురువును పదవి నుంచి దించి, జీవితాంతం పశ్చాత్తాపం చేసుకునేలా కఠినమైన మఠంలో ఉంచాలి. చెప్పమని ఆజ్ఞాపించిన నోటితోనే, విన్నవాడు నోరు విప్పితే ఏమవుతుందో కూడా చెప్పారు. 16వ శతాబ్దంలో మిలాన్ ఆర్చిబిషప్ చార్లెస్ బొరొమెయో, గురువుకూ విశ్వాసికీ మధ్య చిల్లుల రేకు ఉన్న చెక్కగూడు ఎలా కట్టాలో వివరంగా రాయించాడు. ఆ కట్టడమంతా వినేవాణ్ణి అదుపులో పెట్టడానికే.

నేటి కథోలిక ధర్మశాస్త్రం ఈ తోవలోనే నడుస్తుంది. 983వ నియమం ప్రకారం పాపసంకీర్తన ముద్ర, అంటే విన్నదాన్ని రహస్యంగా ఉంచే బాధ్యత, అభేద్యం, మాటతో గానీ మరే విధంగా గానీ ద్రోహం చేయకూడదు. 984 ఇంకో మెట్టు ఎక్కుతుంది: విన్నదాన్ని బయటపెట్టకపోయినా, చెప్పినవాడికి నష్టం కలిగేలా ఆ సమాచారాన్ని వాడుకోవడమూ నిషేధమే. నేరుగా ముద్రను భంగపరిచిన గురువు ఆ పనితోనే సంఘబహిష్కృతుడవుతాడు, ఆ శిక్షను ఎత్తేసే అధికారం రోమ్ పీఠానిదే. 2021 సవరణ తర్వాత ఈ శిక్ష 1386వ నియమంలో ఉంది, పాపసంకీర్తనాన్ని పరికరంతో రికార్డు చేసేవాళ్ళకూ అక్కడే శిక్ష చెప్పారు. ఆర్థడాక్సు సంఘాల్లో కట్టడి రూపం వేరు. విశ్వాసి క్రీస్తు ప్రతిమకు ఎదురుగా నిలబడి చెబుతాడు, గురువు పక్కన నిలబడతాడు. స్లావు సంప్రదాయంలో గురువు చెప్పే మాటే అది: క్రీస్తు కనబడకుండా ఇక్కడే ఉన్నాడు, నేను సాక్షిని మాత్రమే.

మరి 16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్తలు ఇదంతా కొట్టిపారేశారా? లేదు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 11వ అధికరణం, ఏకాంత పాపవిమోచనం (ఒప్పుకున్నవాడికి క్షమాపణ పలకడం) సంఘాల్లో నిలిచి ఉండాలంటుంది. ప్రతి పాపాన్నీ లెక్కబెట్టి చెప్పాలన్న నిర్బంధాన్ని మాత్రమే తీసేసింది, "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?" అన్న 19వ కీర్తన మాటను ఆధారంగా చూపించి. లూథరు తాను చివరిదాకా ఒప్పుకోలు మానలేదు, విటెన్‌బర్గ్ పాస్టరు బుగెన్‌హాగెన్ దగ్గర చెప్పుకునేవాడు. కాల్విన్ నిర్బంధాన్ని ఖండిస్తూనే, మనశ్శాంతి లేనివాడు తన కాపరి దగ్గరికి వెళ్ళడం మేలన్నాడు. ఆంగ్లికన్లలో ఒక నానుడి ఉంది: అందరూ చేయవచ్చు, ఎవరూ చేసితీరాలని లేదు, కొందరు చేయాలి. మనం పోగొట్టుకున్నది సంస్కర్తలు తీసేసినదాన్ని కాదు, వాళ్ళు అట్టిపెట్టినదాన్ని.

ఎవరికి చెప్పాలి

మొదట ఎవరికి చెప్పకూడదో చూద్దాం, అది తేలిక. ఆ పాపంలో పాలుపంచుకున్నవాడికి చెప్పకూడదు. కథోలిక ధర్మశాస్త్రంలో 977వ నియమం, తనతో కలిసి వ్యభిచార సంబంధమైన పాపం చేసిన వ్యక్తికి ఆ గురువు ఇచ్చే విమోచనం ప్రాణాపాయంలో తప్ప అసలు చెల్లదంటుంది. గురువులు లేని సంఘాల్లోనూ ఈ తర్కం అంతే బలంగా వర్తిస్తుంది. ఇద్దరు దొంగలు ఒకరి ముందు ఒకరు ఏడిస్తే అది రెండో దొంగతనానికి మొదటి మెట్టు.

మీ జీతం, పదవి, పెళ్ళి, చదువు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళకు చెప్పకూడదు. మీ చేతి కింద ఉన్నవాళ్ళకూ చెప్పకూడదు, ఆ బరువు వాళ్ళు మోయలేరు, దించుకోనూలేరు. ముఖ్యంగా శరీర సంబంధమైన పాపాల విషయంలో పురుషుడు పురుషుడికి, స్త్రీ స్త్రీకి చెప్పాలి. 1738 డిసెంబరు 25న మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ రాసిన చిన్న బృందాల నియమాలు చూడండి. ఆయన ఆ బృందాల్లో పురుషుల్ని, స్త్రీలను వేరు చేశాడు, అందులోనూ పెళ్ళయినవాళ్ళను, కానివాళ్ళను వేరు చేశాడు. ఛాందసం అనుకుంటాం గానీ, నోరు తెరిచి చెప్పడానికి అది అవసరం.

ఇక ఎవరికి చెప్పాలంటే, ఇతరుల గుట్టు మీ దగ్గర విప్పనివాడికి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. "నీకొక్కడికే చెబుతున్నా" అంటూ వేరేవాళ్ళ సంగతులు మీకు మోసుకొచ్చే మనిషి, మీ సంగతి కూడా ఇంకెవరికో "నీకొక్కడికే" చెబుతాడు. సామెతలు 11:13 ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడుతుంది: "కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును." రెండో పరీక్ష: అతను తన పాపాన్ని ఎప్పుడైనా ఎవరి దగ్గరైనా ఒప్పుకున్నవాడా? ఏం ఒప్పుకున్నాడో మీకక్కర్లేదు. ఆ కుర్చీలో ఒకసారి కూర్చున్నవాడికే ఇవతల కూర్చోవడం తెలుస్తుంది. మూడోది: పాపాన్ని పాపమనగలవాడు కావాలి. జాలిగుండె ఒక్కటే ఉంటే చాలదు.

ఒక్కరు చాలు. ఐదుగురికి చెబితే అది ఒప్పుకోలు కాదు, ప్రచారం.

భర్తకో భార్యకో ముందు చెప్పాలా అన్నది కష్టమైన ప్రశ్న. వ్యభిచారం వంటి పాపమైతే జీవిత భాగస్వామి దగ్గర ఒప్పుకోవాల్సిందే. అయితే మొదట ఒక పరిణతి గల విశ్వాసి ముందు మాటలు సరిచేసుకుని వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. మొదటిసారి చెప్పేటప్పుడు మనిషి సగం నిజం, సగం సాకు చెబుతాడు. ఆ సగం నిజం నుంచి మిగతా సగం వారానికొక ముక్క బయటపడుతుంటే, అవతలివాళ్ళు ప్రతిసారీ కొత్తగా చస్తారు. కానీ ఈ మొదటి మెట్టునే చివరి మెట్టు చేసుకుని "చెప్పేశానుగా" అనుకుంటే మాత్రం అది మోసమే.

ఏం చెప్పాలి, ఎలా

ముందుగా ఒక అరగంట ఒంటరిగా కూర్చోవాలి. కథోలికులు దీన్ని ఆత్మశోధన అంటారు. పది ఆజ్ఞలను వరసగా ముందు పెట్టుకుని ఒక్కొక్కదాని దగ్గరా ఆగితే చాలు. కాగితం మీద రాసుకుంటే మంచిది, పని కాగానే చించి కాల్చేయాలి. ఫోనులో రాసుకోవద్దు. వాట్సాప్‌లో, వాయిస్ మెసేజీలో ఒప్పుకోవద్దు, స్క్రీన్‌షాటుకు పశ్చాత్తాపం తెలియదు. ముఖాముఖి కూర్చోవాలి, తలుపు వేసి ఉండాలి, ఫోన్లు రెండూ ఇంకో గదిలో ఉండాలి. కథోలిక సంఘమైతే ఇంటర్నెట్టులో పాపసంకీర్తనాన్ని అసలు ఒప్పుకోదు.

చెప్పాల్సినవి నాలుగు. ఏం చేశాను, ఎన్నిసార్లు లేదా ఎంతకాలంగా, ఎవరికి నష్టం జరిగింది, ఇంకా సాగుతోందా ఆగిందా. ప్రతి పాపాన్నీ విడివిడిగా, దాని రకాన్ని మార్చే పరిస్థితులతో సహా చెప్పమని 1551లో కథోలికుల ట్రెంటు మహాసభ అన్నది మరణకరమైన పాపాల గురించి. ఆ నిర్బంధాన్ని ఒప్పుకోకపోయినా, దాని వెనకున్న జ్ఞానాన్ని ఎందుకు వదులుకోవాలి? "నా ఆలోచనల్లో పవిత్రత తక్కువగా ఉంది, నాకోసం ప్రార్థించండి" అనే మాటలో పట్టుకోవడానికి ఏమీ లేదు. "ఎనిమిది నెలలుగా వారానికి మూడు నాలుగు రాత్రులు అశ్లీల వీడియోలు చూస్తున్నాను, అడిగితే ఆఫీసు పనని అబద్ధం చెప్పాను" అంటే చెప్పినట్టు. కానీ ఏ వీడియో, అందులో ఏముందన్నది అక్కర్లేదు. ఇంకో మనిషి పేరూ అక్కర్లేదు. పాపం మీది, పేరు వాళ్ళది.

ఇక్కడ మన భాష మనకు ఒక వల వేస్తుంది. తెలుగులో కర్తను మాయం చేయడం మహా సులువు. పొరపాటు దొర్లింది. నోరు జారింది. చెయ్యి తడబడింది. అలా జరిగిపోయింది. ఎక్కడా "నేను" లేడు. అహరోను చేసింది ఇదే. బంగారు దూడ ఎలా వచ్చిందని మోషే నిలదీస్తే, బంగారాన్ని నిప్పులో వేశానంతే, ఈ దూడ అయిందన్నాడు (నిర్గమ 32:24). ఆ అధ్యాయం 4వ వచనంలోనేమో పోగర పట్టుకుని రూపం చెక్కింది అతనే! తప్పిపోయిన కుమారుడు అలా అనలేదు. "తండ్రీ, నేను పరలోకమునకు విరోధముగాను నీ యెదుటను పాపము చేసితిని" అన్నాడు. వినేవాడు చేయగలిగిన చిన్న సాయం ఒకటుంది. "జరిగింది" అన్న మాట వచ్చినప్పుడు, నెమ్మదిగా, "నువ్వు చేశావా?" అని ఒక్కసారి అడగడం. ఒక్కసారే.

సాకులు కూడా అంతే. "మా ఇంట్లో పరిస్థితి అలాంటిది" అన్నది నిజమే కావచ్చు, కానీ దానికి వేరే రోజుంది. సౌలు కూడా జనానికి భయపడి చేశానన్నాడు (1 సమూయేలు 15:24). పాపం చేశానన్న మాట అతని నోట రానేవచ్చింది, వెనకే సాకు కూడా వచ్చింది.

పావుగంటలో చెప్పగలిగినదాన్ని రెండు గంటలు సాగదీస్తున్నామంటే అందులో చాలావరకు ఆత్మకథ ఉందని అర్థం.

వినేవాడి పని

మొదలుపెట్టకముందే హద్దు చెప్పాలి. "నువ్వు చెప్పింది నాతోనే ఉంటుంది. అయితే పసిపిల్లలకు హాని జరుగుతున్నా, ఎవరి ప్రాణానికైనా, నీ ప్రాణానికైనా ముప్పున్నా నేను ఊరుకోలేను." ఈ మాట ముందే అనాలి, విన్న తర్వాత అంటే ద్రోహం. కథోలిక గురువుకు ఈ వెసులుబాటు లేదు, ముద్ర సంపూర్ణం. అందుకే ఆస్ట్రేలియాలో పిల్లలపై లైంగిక వేధింపుల మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్, పాపసంకీర్తనంలో విన్నా పోలీసులకు చెప్పాల్సిందేనని 2017లో సిఫారసు చేసినప్పుడు అంత పెద్ద వివాదం రేగింది. ఆ వివాదంలో ఎవరి వైపు నిలబడ్డా, సోదరుడిగానో సోదరిగానో వినే మామూలు విశ్వాసికి అలాంటి ముద్ర ఏదీ లేదు. పసిబిడ్డ మీద జరిగే అఘాయిత్యాన్ని "ఒప్పుకున్నాడు, ప్రార్థించాం" అని కప్పిపెట్టే సంఘం నేరంలో భాగస్వామి. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడాన్ని చాలా దేశాల చట్టాలు నేరంగా చూస్తాయి.

తర్వాత వినాలి. మధ్యలో ఆపకూడదు. ముఖం చిట్లించకూడదు. అన్నిటికంటే పెద్ద తప్పు "పర్లేదులే, అందరూ చేసేదే" అనడం. దయగా కనిపిస్తుంది గానీ, ఎంతో ధైర్యం కూడగట్టుకుని బరువు దించుకోవడానికి వచ్చినవాడితో బరువేం లేదని చెప్పి తిరిగి ఎత్తి పంపడం అది. పర్లేకపోతే అతను వచ్చేవాడే కాదు. దానికి ఎదురు తప్పు, ప్రసంగం మొదలుపెట్టడం. మూడోది కుతూహలం. ఎవరు, ఎక్కడ, ఎలా అని అడగాలనిపిస్తుంది, ఆ కోరిక వినేవాడి పాపం. గలతీ 6:1 తప్పిపోయినవాణ్ణి సాత్వికమైన మనసుతో తిరిగి తీసుకురమ్మంటూనే, తానును శోధింపబడుదునేమో అని తన విషయమై చూచుకొనమని హెచ్చరించింది ఇందుకే. అడగదగ్గవి రెండే: ఇది ఇంకా సాగుతోందా? ఎవరికైనా తిరిగి ఇవ్వాల్సింది ఉందా?

ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. క్షమాపణ పలకడం. లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఒప్పుకోలుకు రెండు భాగాలంటుంది: పాపాన్ని ఒప్పుకోవడం ఒకటి, పాపవిమోచనాన్ని దేవుడి నుంచే అన్నట్టు అందుకోవడం రెండోది. మన కూటాల్లో మొదటి భాగం అవగానే గబగబా ప్రార్థన చేసి లేస్తారు. అలా కాకుండా 1 యోహాను 1:9 తెరిచి అతని పేరు పెట్టి చదవాలి: ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక. నీ పాపం క్షమించబడిందని కళ్ళలోకి చూస్తూ చెప్పాలి. ఒంటరిగా అదే వచనం వందసార్లు చదువుకున్నవాడు మొదటిసారి నమ్మేది ఈ క్షణంలోనే. మన పాపం తెలియనివాళ్ళు "దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు" అంటే, వీళ్ళకు అసలు సంగతి తెలిస్తేనా అని లోపల ఒక గొంతు అంటూనే ఉంటుంది. అంతా తెలిసినవాడు అన్నప్పుడు ఆ గొంతుకు మాట దొరకదు.

ఇక మౌనం. భార్యకు చెప్పకూడదు, భర్తకు చెప్పకూడదు. పాస్టరుగారికి "తెలియాలి కదా" అని చెప్పకూడదు, చెప్పాలనుకుంటే ముందు అతని అనుమతి తీసుకోవాలి. ప్రార్థనాంశం పేరుతో చెప్పకూడదు. సంఘాల్లో కొండెములు సగం ఈ దారినే నడుస్తాయి: "ఒక సహోదరుడు పెద్ద శోధనలో ఉన్నాడు, పేరు చెప్పను గానీ..." పేరు చెప్పకపోయినా పదిమందిలో ఎనిమిదిమందికి తెలిసిపోతుంది. ప్రసంగంలో ఉదాహరణగా అసలే వాడకూడదు. తర్వాత అతనితో గొడవొచ్చినా ఎత్తకూడదు. పదవికి అతని పేరు చర్చకు వచ్చినప్పుడు విన్నదాన్ని మనసులో పెట్టుకుని వ్యతిరేక ఓటు వేయడమూ ద్రోహమే, 984వ నియమం సరిగ్గా ఈ చోటే వేలు పెట్టింది. అందుకే సంఘంలో నియామకాలు చేసేవాళ్ళు ఒప్పుకోలు వినే పని వేరేవాళ్ళకు వదిలేయడం మేలు.

ఎక్కడ చెడుతుంది

కూటాల్లో మైకు పట్టుకుని ఒప్పుకోవడం చూడటానికి గొప్పగా ఉంటుంది. ఉజ్జీవాల చరిత్రలో దానికి చోటుంది కూడా. 1907 జనవరిలో కొరియాలోని ప్యాంగ్యాంగ్‌లో కిల్ సన్‌జు అనే సంఘపెద్ద లేచి, చనిపోయిన స్నేహితుడి ఆస్తి వ్యవహారాలు చూస్తూ అందులోంచి డబ్బు తీసుకున్నానని, తాను బైబిల్లో దోపుడుసొమ్ము దాచుకున్న ఆకాను వంటివాడినని చెప్పాడు, ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఆ మాటతో కూటమంతా కదిలింది. అతని ఒప్పుకోలులో పని ఉంది, సొమ్ము ఉంది, తిరిగి చెల్లించే మాట ఉంది. ఆ మూడూ లేకుండా కన్నీళ్ళు మాత్రమే నకలు చేస్తే మిగిలేది పోటీ. ఒకడు చిన్న పాపం చెబితే తర్వాతివాడు పెద్దది చెప్పాలి. పాపం ఎంతమంది మధ్య జరిగిందో ఒప్పుకోలు అంతమంది ముందే జరగాలన్నది పాత సూత్రం. సంఘం సొమ్ము తిన్నవాడు సంఘం ముందు, రహస్యంగా చేసినవాడు ఒక్కరి ముందు.

నష్టపరిహారం లేని ఒప్పుకోలు ఇంకో జబ్బు. సంఖ్యాకాండము 5:7 ఒప్పుకోమని చెప్పి ఆగలేదు, అసలుకు అయిదో వంతు కలిపి నష్టపోయినవాడికి ఇవ్వమంది. నూరు కాజేస్తే నూట ఇరవై. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. వినేవాడు ఇక్కడ మెత్తబడకూడదు. "ఎంత, ఎవరికి, ఏ తేదీలోపు" అని అడిగి తేల్చాలి. చట్టం ముందు జవాబు చెప్పాల్సిన నేరమైతే, ప్రార్థన దానికి బదులు కాదు.

దీనికి రెండో కొసన ఉండేవాళ్ళూ ఉన్నారు. అవతలివాళ్ళకు ఏమీ తెలియని విషయాన్ని వెళ్ళి వాళ్ళ నెత్తిన పోస్తారు. "ఇన్నాళ్ళూ నీ మీద అసూయపడ్డాను, నిన్ను చూస్తే ఒళ్ళు మండేది, క్షమించు." ఇతను తేలిగ్గా ఇంటికి పోతాడు, ఆమెకు ఆ రోజు నుంచి నిద్ర ఉండదు. మత్తయి 5:23 చూడండి: "నీమీద నీ సహోదరునికి విరోధమేమైననుకలదని" జ్ఞాపకం వస్తే వెళ్ళమంది. గాయం అతనికి తగిలి ఉంటేనే అతని దగ్గరికి. నీ మనసులోనే ఉండిపోయినదాన్ని మూడో మనిషి దగ్గర దించుకో.

అతిసున్నిత మనస్సాక్షి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం కొందరికి హాని చేస్తుంది. లూథరు సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు చెప్పి, బయటికొచ్చాక ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళేవాడు. విని విని ఆయన పైఅధికారి స్టౌపిట్జ్ విసిగిపోయాడు. చెప్పిన పాపాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పడం, సరిగ్గా చెప్పానా అన్న అనుమానం, క్షమాపణ మాట పదేపదే వినాలన్న ఆరాటం కనిపిస్తే, ఒప్పుకోలు అక్కడ మందు కాదు, జబ్బుకు మేత. మూడు కట్టడులు పనికొస్తాయి: వినేవాడు ఒక్కడే ఉండాలి, సమయం ముందే కొలిచి పెట్టాలి, ఒకసారి చెప్పినదాన్ని తిరిగి చెప్పనివ్వకూడదు. ఇది మానసిక వైద్యులు చికిత్స చేసే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లో ఒక రకం కావచ్చు, వాళ్ళ దగ్గరికి పంపడానికి మొహమాటపడకూడదు.

వారం వారం కలిసే చిన్న బృందాలు చెడిపోయే తీరు వేరు. మొదట్లో నిజాయితీ ఉంటుంది. ఆరు నెలలకు "ఈ వారం కూడా పడిపోయాను", "నేనూ", "సరే, ప్రార్థన చేద్దాం" దగ్గరికి వస్తుంది. పాపం ఒప్పుకోవడం పాపానికి చెల్లించే అద్దెలా మారిపోతుంది. వెస్లీ ప్రశ్నలు ఇందుకు పనికొస్తాయి. గతసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేమిటి, ఏ శోధనలు ఎదురయ్యాయి, ఎలా తప్పించుకున్నావు, పాపమో కాదో తేల్చుకోలేనిది ఏదైనా ఆలోచించావా, అన్నావా, చేశావా? మూడో ప్రశ్నే అసలైనది. తప్పించుకున్న దారి గురించి అడిగే బృందంలో దారులు పోగవుతాయి. బృందంలో చేరేముందే ఆయన ఇంకోటి అడిగించేవాడు: నీ తప్పులు నీకు చెప్పాలని నువ్వు కోరుకుంటున్నావా? అవునంటేనే లోపలికి.

అధికారం సంగతి చివరికి వచ్చింది గానీ బరువులో చివరిది కాదు. నాయకుడు అందరి పాపాలూ వింటాడు, అతని పాపం ఎవరూ వినరు. ఈ ఏర్పాటు ఉన్నచోట ఒప్పుకోలు పగ్గంగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. యాకోబు రాసింది "ఒకనితోనొకడు" అని. వినే ప్రతివాడికీ తన సంగతి వినేవాడు ఒకడుండాలి. అక్కడ అతను తన పాపాలే చెప్పుకోవాలి, విన్నవి కాదు.

లేచేముందు ఒక మాట తేల్చుకోవాలి: "దీని గురించి నిన్ను మళ్ళీ అడగవచ్చా? ఎప్పుడు?" అడగమంటే ఆ తేదీన అడగాలి, మరిచిపోకూడదు. వద్దంటే మరుసటి ఆదివారం గుడి దగ్గర కనబడినప్పుడు అందరిలాగే బాగున్నావా అనాలి, గొంతు తగ్గించకుండా, చెయ్యి మామూలుకంటే గట్టిగా నొక్కకుండా.